'చూషకం' ఏమి చేస్తుంది? చిన్నప్రేగు కణత్వచం - పారిభాషిక పదపరిశీలన

కీలకపదాలు: ఆంత్రచూషకం, సూక్ష్మచూషకం, కణత్వచం, ఫోలిక్ ఆమ్లం, యల్లాప్రగడ సుబ్బారావు.

తెలుగు జీవశాస్త్ర పాఠ్యగ్రంథాలు చిన్నప్రేగు లోపలి గోడపై ఉండే 'విల్లస్'ను ఆంత్రచూషకమనీ, 'మైక్రోవిల్లస్'ను సూక్ష్మచూషకమనీ వ్యవహరిస్తున్నాయి. లాటిన్‌లో 'విల్లస్' అంటే రోమగుచ్ఛం. అది ఆకారాన్ని బట్టి వచ్చిన పేరు. తెలుగు పదం పీల్చడమనే అర్థం గల 'చూష్' ధాతువు నుండి, అంటే పనిని బట్టి ఏర్పడింది. విజ్ఞానం పెరిగినా ఆకారాన్ని చెప్పే పేరుకు ఇబ్బంది లేదు. పనిని చెప్పే పేరుకు ఆ భరోసా ఉండదు. పారిభాషిక పదనిర్మాణం పాఠంలో ఈ జంటపదాలను ఉదాహరణగా తీసుకోవడానికి కారణమిదే.

మొదటి చిక్కు 'సూక్ష్మ' అనే విశేషణంతో వస్తుంది. ఆంత్రచూషకం ఇంచుమించు అర మిల్లీమీటరు నుండి ఒక మిల్లీమీటరు ఎత్తుండే కణజాలం. దానిలో రక్తకేశనాళికలు, శోషరసనాళం ఉంటాయి. సూక్ష్మచూషకం దానికి చిన్న నమూనా కాదు. అది ఒకే కణపు త్వచం వేలిలా పొడుచుకువచ్చిన భాగం. పొడవు సుమారు 1 మైక్రోమీటరు, వెడల్పు అందులో పదోవంతు. లోపల రక్తనాళాలుండవు. 20 నుండి 30 ఆక్టిన్ తంతువుల కట్ట మాత్రం దానిని నిలబెడుతుంది. ఒక్కో కణంపై ఇటువంటివి వేలకొలదిగా ఉంటాయి. చెట్టుకూ, దాని ఆకు మీది నూగుకూ ఉన్నంత భేదం ఈ రెండింటికీ ఉంది. సాధారణ సూక్ష్మదర్శినిలో ఇవన్నీ కలిసి ఒక చారగా, కుంచె అంచులా కనిపించేవి. విడివిడిగా చూడడానికి ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శిని రావలసివచ్చింది.

రెండవ చిక్కు మరింత లోతైనది. ఇక్కడ పీల్చడమనే క్రియే లేదు. సుక్రేజ్, లాక్టేజ్ వంటి ఎంజైములు ఈ త్వచంలోనే నాటుకుని ఉండి, చక్కెరలను అక్కడికక్కడే ఖండిస్తాయి. తెగిన అణువులను లోనికి చేర్చడానికి వేరే వాహక ప్రోటీన్లు ఉన్నాయి. పాలు అరగనివారిలో తరచుగా కొరవడేది ఈ అంచున ఉండే లాక్టేజే. అంటే జీర్ణక్రియ చివరి అంకం ప్రేగు బోలులో కాదు, త్వచం మీదనే జరుగుతుంది. 'చూషకం' అన్న పేరు ఈ సగాన్ని పూర్తిగా మరుగుపరుస్తోంది.

ఇది ప్రాణాలతో ముడిపడిన విషయమని చెప్పడానికి తెలుగువారికి దగ్గరి ఉదాహరణ యల్లాప్రగడ సుబ్బారావు (1895-1948) జీవితం. ఆయన సోదరులిద్దరు స్ప్రూ వ్యాధితో కొద్దిరోజుల వ్యవధిలోనే మరణించారు. ఆయనకూ ఆ జబ్బు సోకగా ఆచంట లక్ష్మీపతి ఆయుర్వేద చికిత్సతో కోలుకున్నారు. స్ప్రూలో ఆంత్రచూషకాలు పొట్టివవుతాయి, కణాల కుంచె అంచు దెబ్బతింటుంది. ఆకుకూరలలోని ఫోలేటు చాలావరకు గ్లుటమేట్ల గొలుసుతో ఉంటుంది. ఆ గొలుసును కత్తిరించే ఎంజైము కూడా కుంచె అంచులోనిదే. అంచు చెడితే ఫోలేటు అందదు. ఫోలేటు అందకపోతే కొన్ని రోజులకొకసారి మారవలసిన ప్రేగు కణాలు సరిగా పుట్టవు, అంచు మరింత చెడుతుంది. అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో సుబ్బారావు నాయకత్వంలోని బృందం 1945లో ఫోలిక్ ఆమ్ల సంశ్లేషణను ప్రకటించింది. అందులో ఉన్నది ఒకే గ్లుటమేటు, కత్తిరింపు అవసరం లేదు. చికిత్స మోతాదులో ఇస్తే దెబ్బతిన్న ప్రేగు కూడా దానిని గ్రహించగలదు. స్ప్రూ చికిత్సలో అది నిలదొక్కుకుంది. ఫోలేటును కణంలోనికి చేర్చే వాహక ప్రోటీనును గుర్తించడం మాత్రం 2006లో గాని సాధ్యపడలేదు. 'పీల్చడం' అనే మాటతో ఈ కథలో ఒక్క మెట్టునూ వివరించలేము.

హిందీ పదవ తరగతి పాఠ్యపుస్తకం విల్లస్‌ను 'దీర్ఘరోమ్' అని ఆకారంతోనే పిలిచింది. అది నిరపాయమైన మార్గం. ఆయుర్వేదంలోని 'గ్రహణి' అన్నాన్ని పట్టి ఉంచి, పక్వమయ్యాకనే విడిచే స్థానం. ఆ భావన త్వచం పనికి దగ్గరగానే ఉన్నా, రోగనామంగా స్థిరపడినందున మరల వాడడం కష్టం. ఆంత్రచూషకం పాతుకుపోయిన మాట, దానిని కదిలించనక్కరలేదు. సూక్ష్మచూషకానికి బదులు 'త్వచాంకురం' అంటే, అది కణజాలం కాదనీ, త్వచం నుండి మొలిచిందనీ విద్యార్థికి పేరులోనే తెలుస్తుంది.