ఎదుటి కుర్చీలో ఎవరు?

పురుషోత్తంపూర్, పొలసర, కవిసూర్యనగర్, ఆస్కా. ఒడిశా గంజాం జిల్లాలో ఋషికుల్య నది చుట్టుపక్కల ఈ ఊళ్లలో సూరత్ వెళ్లిన మనిషి లేని వీధి వెతికినా దొరకదు. తారాతారిణి కొండ మెట్లెక్కి మొక్కు చెప్పుకుని కుర్రాడు రైలెక్కుతాడు. తీసుకెళ్లేది ఏ ఏజెంటో కాదు, మేనమామో, పక్కింటి అన్నో. మూడో నాటికి మరమగ్గం ముందు నిలబడతాడు. గంజాం నుంచి ఇలా వెళ్లినవాళ్లు లక్షల్లో ఉంటారు.

అక్కడ నెల జీతం లేదు. నేసిన గుడ్డకు మీటరు లెక్కన కూలి. పన్నెండు గంటల షిఫ్టు, ఒక్కడికి ఎనిమిదో పదో మగ్గాలు. దారం తెగిందా, మగ్గం ఆగింది. మగ్గం ఆగిందా, కూలీ ఆగింది. చప్పుడు ఎంతంటే పక్కవాడితో సైగలే తప్ప మాటల్లేవు. బస మెస్సులో. పగటి షిఫ్టువాడు లేచిన చోటే రాత్రి షిఫ్టువాడు నడుం వాలుస్తాడు. సెలవు పెడితే ఆ రోజు మీటర్లు సున్నా. పీఎఫ్, బోనస్ అనే మాటలు చాలామందికి వినికిడే.

కనీస వేతనం ఎలా కట్టాలో 1957లో 15వ భారత కార్మిక సదస్సు ఒక లెక్క చెప్పింది. నలుగురున్న కుటుంబానికి తిండి, ఇల్లుతో పాటు ఏడాదికి 72 గజాల గుడ్డ అంది. ఎనిమిది మగ్గాలు నడిపేవాడు ఆ 72 గజాలను షిఫ్టు సగం కాకుండానే నేసేస్తాడు.

ఇక బేరం సంగతి. మీటరుకు ఇరవై పైసలు పెంచమని అడిగారనుకుందాం. రోజుకు మూడు వందల మీటర్లు నేసేవాడికి అది అరవై రూపాయలు. నెలకు ఇరవై ఆరు పనిదినాలు వేసుకుంటే 1,560. ఊళ్లో పిల్లల ఫీజుకో, అమ్మ మందులకో సరిపడే డబ్బు. మరి ఎవర్ని అడగాలి? షెడ్డు ఒకరిది, మగ్గాలు ఇంకొకరివి, నూలు ఇచ్చి గుడ్డ తీసుకునే వ్యాపారి మరొకడు. ‘నాకు గిట్టేదే అంతంతమాత్రం, పైవాణ్ణి అడుగు’ అంటాడు ప్రతివాడూ. చాలా యూనిట్లు ఫ్యాక్టరీలుగా కాకుండా దుకాణాల చట్టం కింద రిజిస్టరై ఉంటాయి. నియామక పత్రం లేదు, హాజరు పట్టీలో పేరు లేదు. కాగితం మీద అసలు లేనివాడు సమ్మె చేశాడంటే యజమాని ఒప్పుకోడు, రౌడీతనం అంటాడు.

బేరసారాలు కార్మికుడి హక్కు అని దేశానికి నూరిపోసిన మనిషి ఈ జిల్లావాడే. వరాహగిరి వెంకటగిరి 1894 ఆగస్టు 10న బరంపురంలో తెలుగింట పుట్టారు. తండ్రి జోగయ్య పంతులు పేరున్న ప్లీడరు. 1913లో గిరి లా చదవడానికి డబ్లిన్ వెళ్లారు. సరిగ్గా ఆ ఏడాదే అక్కడి యజమానులు యూనియన్ వదలని కార్మికుల్ని గేటు బయట నిలబెట్టి నెలల తరబడి లాకౌట్ చేశారు. ఆకలికి తాళలేక కార్మికులు ఓడిపోయారు కానీ యూనియన్ మిగిలింది. ఐర్లాండ్ తిరుగుబాటు గాలి సోకినందుకు 1916లో గిరిని అక్కణ్ణుంచి పంపించేశారు. బరంపురం వచ్చి నల్లకోటు వేసుకున్నా ఆయన మనసు రైల్వే కూలీల మీదే.

అప్పట్లో బరంపురం స్టేషన్ బెంగాల్ నాగపూర్ రైల్వేది. ఉద్యోగాల కోత మీద 1927లో ఆ కంపెనీ ఖరగ్‌పూర్ వర్క్‌షాపు భగ్గుమంది. ఆ కార్మికుల తరఫున నిలబడ్డవాళ్లలో గిరి ముఖ్యులు. అఖిల భారత రైల్వేమెన్ ఫెడరేషన్‌కు అధ్యక్షులయ్యారు, ఏఐటీయూసీకీ అయ్యారు. 1952లో పాతపట్నం నుంచి లోక్‌సభకు గెలిచి నెహ్రూ మంత్రివర్గంలో కార్మిక శాఖ తీసుకున్నారు.

అక్కడే ఆయన వింత వాదన ఒకటి పెట్టారు. తగవు రాగానే ప్రభుత్వం ట్రిబ్యునల్‌కు పంపడం మానుకోవాలి, ఇద్దర్నీ ఎదురెదురుగా కూర్చోనివ్వాలి అన్నారు. తీర్పు ఎక్కణ్ణుంచో వచ్చి పడుతుంటే సభ్యుల్ని కూడగట్టే ఓపిక యూనియన్‌కు ఉండదని ఆయన భయం. దీనికే ‘గిరి విధానం’ అని పేరు. 1952 నైనితాల్ సదస్సులో అది నెగ్గలేదు. అడ్డుపడింది యజమానులే అయితే ఆశ్చర్యం లేదు. బలం చాలని యూనియన్లు కూడా ట్రిబ్యునలే నయమనుకున్నాయి. వాళ్లను తప్పుపట్టలేం. బక్కవాణ్ణీ పహిల్వాన్‌నీ ఒకే గోదాలో వదిలి ‘మీరే తేల్చుకోండి’ అంటే న్యాయమనిపించుకోదు. బ్యాంకు ఉద్యోగుల జీతాలపై అప్పిలేట్ ట్రిబ్యునల్ ఇచ్చిన తీర్పును ప్రభుత్వం మార్చినప్పుడు, 1954లో, గిరి మంత్రి పదవినే వదిలేసుకున్నారు. ట్రిబ్యునళ్లు వద్దన్న మనిషి ట్రిబ్యునల్ మాట నిలబడనందుకు రాజీనామా చేయడం చిత్రమే. ఒకసారి ఒప్పుకున్న పద్ధతిని మధ్యలో తప్పకూడదన్నది ఆయన పట్టు.

ఇంకో చిత్రం 1974 మే 8న. జార్జి ఫెర్నాండెజ్ నాయకత్వంలో రైళ్లు ఆగాయి. సమ్మెకు పిలుపునిచ్చిన సంఘాల్లో ముందున్నది గిరి ఒకప్పుడు ఏలిన ఫెడరేషనే. ఇరవై రోజుల్లో వేలమందిని జైళ్లలో కుక్కి సమ్మెను అణిచారు. అప్పుడు రాష్ట్రపతి భవన్‌లో ఉన్నది గిరి. పదవి ఎంత ఎత్తుదైనా కొన్నిసార్లు ఎందుకూ కొరగాదు.

మరమగ్గాల్లో బేరం అసాధ్యమేమీ కాదు. మన సిరిసిల్లను చూడండి. అక్కడా యజమాని, ఆసామి, కార్మికుడు అని మూడు మెట్లున్నాయి. అక్కడా నెల జీతం లేదు, పది పిక్కులకు, అంటే అడ్డపోగులకు, ఇన్ని పైసలని లెక్క. అయినా మగ్గాలు ఆపి, కూలి ఒప్పందం రాయించుకున్న సందర్భాలు ఎన్నో. నేసేవాడూ నేయించేవాడూ ఒకే పట్నంలో ఉంటారు, ఓట్లూ అక్కడే, యూనియన్ ఆఫీసూ అక్కడే. సూరత్‌లోని గంజాం మనిషికి మగ్గం గుజరాత్‌లో, ఓటు ఒడిశాలో. ఏ ఎమ్మెల్యేకూ అతను పూర్తిగా చెందడు.

1979 నాటి అంతర్రాష్ట్ర వలస కార్మికుల చట్టానికి మూలం ఒడిశా నుంచి కాంట్రాక్టర్లు తీసుకెళ్లే ‘దాదన్’ కూలీల గోడే. కానీ అది కాంట్రాక్టరు తీసుకెళ్లినవాళ్లకే వర్తించేది. మేనమామ వెంట వెళ్లినవాడు అందులోకి వచ్చేవాడు కాదు. 2025 నవంబరులో అమల్లోకి వచ్చిన కొత్త కార్మిక కోడ్‌లు, 51 శాతం సభ్యత్వమున్న యూనియన్‌ను సంప్రదింపుల యూనియన్‌గా గుర్తించాలంటున్నాయి. సమ్మెకు ముందస్తు నోటీసు ఇవ్వాలంటున్నాయి. హాజరు పట్టీయే లేనిచోట 51 శాతం దేనిలోంచి తీయాలి? నోటీసు ఎవరి చేతికివ్వాలి?

ఎవర్ని అడగాలో తెలియకే 2020 ఏప్రిల్ 10 రాత్రి సూరత్ లస్కానాలో కార్మికులు రోడ్డెక్కారు. కోవిడ్ లాక్‌డౌన్‌లో కూలి లేదు, తిండి చాలదు, ఇంటికి పంపమని అడిగారు. బళ్లు తగలబడ్డాయి, అరెస్టులు జరిగాయి. మే మొదట్లో శ్రామిక్ రైళ్లు గంజాం చేరాయి. దిగిన ప్రతివాడి పేరూ ఊరూ రాసుకున్నారు. క్వారంటైన్ కేంద్రాల్లో పంచాయతీలు భోజనం పెట్టాయి, గడువు తీరాక రెండు వేల రూపాయల చొప్పున ఇచ్చారు. సర్పంచులకు కలెక్టరు అధికారాలిచ్చి మరీ నడిపించారు. సూరత్ మగ్గాల మనుషులు ఎవరెవరో కాగితం మీదికి ఎక్కింది అలా, జబ్బు పుణ్యమా అని. ఆ కాగితాల్లో యజమాని పేరుకు ఒక గడి అదనంగా గీసి, కొత్తగా రైలెక్కేవాళ్లతో కూడా నింపిస్తే ఖర్చేమీ కాదు. గిరి కోరిన ఎదుటి కుర్చీకి మనిషిని వెతకడం అక్కణ్ణుంచి మొదలుపెట్టొచ్చు.