సాంచాకు నూనె పోస్తాం, మరి మనిషికి?

సాంచా నడవాలంటే నూనె పోయాలి. బీము సరిగ్గా ఎక్కించాలి, షటిల్ అరిగితే మార్చాలి. ఈ సంగతి మన షోలాపూర్ తూర్పు భాగంలో పుట్టిన ప్రతి పిల్లగానికి ఎరుకే. కాని ఆ సాంచా ముందర దినమంతా నిలబడే మనిషికి ఏం కావాలె అని అడిగేటోళ్లు తక్కువ. నేను 38 ఏండ్లు టవల్ కార్ఖానాలల్ల పని చేసిన. చదివింది నాల్గో తరగతి. ఇందులో కార్ఖానా సంగతులు నేను చూసినవి, పుస్తకాల సంగతులు మా మనవరాలు చదివి వినిపించినవి.

మనకు పగారు మీటరు లెక్క, లేకుంటే పీసు లెక్క. సాంచా ఆగితే దెబ్బ మన కడుపు మీదనే. అందుకని ఎవరూ చెప్పకుండానే మనం నీళ్లకు పోము, ఒంటికి పోము, కూసోము. "నేను ఆపిన్నా?" అంటడు సేఠ్. నిజమే, ఆయన ఆపలేదు. పైకి చూస్తే పని జోరుగా నడిచినట్టే ఉంటది. కాని మాలు మడతపెట్టే కాడికి పోయి చూడండి. మధ్యాహ్నం 2 దాటినాక దిగిన టవళ్లల్లనే పోగు తప్పిన జాగలు, నూనె మరకలు ఎక్కువ. అలసిన కంటికి తెగిన పోగు కనబడదు, కనబడ్డా చెయ్యి తొందరగా లేవదు. ఆ మాలు సెకండ్స్‌లో పోతది. నష్టం సేఠ్‌కూ, కోత మన పగారుకూ.

ఇగ ఎండకాలం. ఏప్రిల్, మే నెలల్ల మన ఊర్ల ఎండ 40 డిగ్రీలు దాటుతది. పైన రేకులు. పత్తి దారం పొడిగాలికి ఊకె తెగుతది, తేమ ఉంటే గట్టిగుంటది. అందుకే కిటికీలు మూసి, నీళ్లు చల్లుతరు. దారానికి అది మంచిదే. మనిషికి మాత్రం ఆ ఉక్కలో చెమట ఆరదు. చెమట ఆరకుంటే ఒళ్లు చల్లబడదు. తలనొప్పి, పిక్కలు పట్టుడు, కండ్లు తిరుగుడు అట్లనే మొదలైతయి.

ఒక ఎండకాలం నా పక్క సాంచాల మీద పని చేసే అన్న నడుస్తున్న సాంచా మీదికే ఒరిగిండు. భుజం పట్టి లాగినం కాబట్టి చెయ్యి దక్కింది. ఆయన నాలుగు సాంచాలు ఆ దినం మళ్ల నడవలేదు. 8 దినాలు ఆయన పనికి రాలేదు. బద్లీ మీద వచ్చిన పిల్లగానికి ఆ సాంచాల గుణం తెల్వక మాలు ఇంకింత చెడిపోయింది.

అప్పుడు సేఠ్ కండ్లు తెరిచిండు. రేకుల మీద సున్నం కొట్టించిండు. వేడి గాలి బయటికి పోయేటట్టు ఎగ్జాస్ట్ ఫ్యాన్లు పెట్టించిండు. వరుసకొక రంజన్ నీళ్లు పెట్టించిండు. మధ్యాహ్నం ఒక్కొక్కరం పావుగంట కూసుంటే, అంతసేపు జాబర్ మా సాంచాలు చూసుకునేటోడు. కొత్త మిషను ఒక్కటి కూడ కొనలేదు. ఆ నెల చివరికే సెకండ్స్ గుట్ట చిన్నదైంది, నాగాలు తగ్గినయి.

ఇది మన ఒక్క షెడ్డు మాట కాదు. సూరత్ నేత కార్ఖానాల దినదిన లెక్కలు చూసిన ఆర్థికవేత్తలు, చల్లబరిచే ఏర్పాటు లేని చోట ఎండ ముదిరిన దినాల్ల ఉత్పత్తి పడిపోతదని 2021లో అచ్చయిన పరిశోధనలో చూపెట్టిండ్రు. బెంగళూరు గార్మెంట్ ఫ్యాక్టరీలల్ల పాత ట్యూబులు తీసి ఎల్‌ఈడీ లైట్లు పెట్టిండ్రు. వాటికి వేడి తక్కువ కాబట్టి, ఎండ దినాల్ల కుట్టుపని కూడ మెరుగైంది.

మన మహారాష్ట్రలోనే ఇంకా పాత ముచ్చట ఉన్నది. 1877లో జంషెడ్జీ టాటా నాగపూర్‌ల ఎంప్రెస్ మిల్లు తెరిచిండు. పనోళ్లు సరిగ్గా రావట్లేదని తిట్టుకుంట కూసోలేదు. షెడ్డుల గాలి, తేమ బాగు చేయించిండు. 1886లో పింఛను నిధి, 1895లో ప్రమాదానికి పరిహారం పెట్టిండు. అప్పటికి అట్లా ఇయ్యాలని చట్టం ఏదీ లేదు.

అహ్మదాబాద్ సంగతి నాకు అన్నిటికన్నా నచ్చింది. 1953లో కాలికో మిల్లులవాళ్ల షెడ్డుల కొత్త ఆటోమేటిక్ సాంచాలు పెట్టినా అనుకున్నంత గుడ్డ రాలేదు. ఒక్కొక్కరికి ఒక్క తీరు పని, అందరూ షెడ్డంతా తిరుగుడు. ఎవరి పని ఎక్కడ మొదలైతదో, ఎక్కడ ముగుస్తదో తెల్వదు. ఇంగ్లండు నుంచి వచ్చిన రైస్ అనే పరిశోధకుడు కొన్ని సాంచాలకు ఒక చిన్న గుంపు ఉంటే బాగుంటదన్నడు. ఏ గుంపుల ఎవరుండాలో పనోళ్లే మాట్లాడుకొని తేల్చుకున్నరు. ఉత్పత్తి పెరిగింది, చెడిపోయే గుడ్డ తగ్గింది. పనోణ్ణి అడిగితే పని బాగుపడతదనేదానికి ఇంతకన్నా సాక్ష్యమేం కావాలె?

ఇగ మన అక్కల మాట. కండెలు చుట్టేటోళ్లు, టవల్ అంచులు కుట్టేటోళ్లు చాలామంది పొద్దుటి నుంచి నీళ్లే తాగరు. ఎందుకంటే పోయే జాగ లేదు, ఉన్నా తలుపుకు గొళ్లెం లేదు. దాంతోని మూత్రం మంట, జ్వరం, నాగా. ఒక గొళ్లెం, ఒక బకెట్ నీళ్లు ఎన్ని నాగాలు ఆపుతయో లెక్క వేసినోళ్లు లేరు. ఆడోళ్లకు వేరే పాయిఖానా, తాగే నీళ్లు, 5 గంటల పనికి మించకుండా అరగంట విరామం, వారానికి 48 గంటలే పని అని 1948 ఫ్యాక్టరీ చట్టంలోనే రాసిండ్రు. ఆ చట్టం జాగల ఇప్పుడు కొత్త కోడ్ వచ్చింది గాని, మనం అడగవలసినవి అవే.

ఒక మాట జాగ్రత్త. ఫ్యాను పెట్టి, నాలుగు సాంచాల జాగల ఆరు చూడమంటే అది మేలు కాదు. పెరిగిన మాలులో మన వాటా కూడ పగారుల కనబడాలి. లేకుంటే మన ఒళ్లు సుఖపడేది ఇంకింత అరగడానికే.

ఇంటికాడ నాలుగు సాంచాలు పెట్టుకున్న తమ్ముళ్లకు కూడ చెప్తున్న. చిన్న షెడ్డు దాకా చట్టం రాకపోవచ్చు, ఎండ మాత్రం వస్తది. మీ కాడ పని చేసేటోడు కూడ మన బస్తీవాడే.

పని చేసే అన్నలారా, అక్కలారా, "మాకు కష్టంగుంది" అంటే సేఠ్ విననట్టు పోవచ్చు. అందుకని ఒక పని చెయ్యండి. వారం దినాలు సెకండ్స్ మాలు రాసిపెట్టండి. పొద్దుటిది వేరే, మధ్యాహ్నంది వేరే. ఎవరు ఎన్ని దినాలు నాగా పెట్టిండ్రో, ఎందుకో అది కూడ రాయండి. పెద్ద చదువు అక్కర లేదు, గీతలు గీసినా చాలు. నలుగురు కలిసి ఆ కాగితం పట్టుకొని పోయి, ముందు ఒక్కటే అడగండి. నీళ్లా, ఫ్యానా, గొళ్లెమా, మీరే తేల్చుకోండి. అది వచ్చినంక మళ్ల వారం రాసి చూపెట్టండి. రెండో అడుగుడు సులువైతది.