సీతాఫలం వంకరపోయేది ఎందుకు?

వనపర్తి నుంచి ఒక పాఠకురాలు అడిగారు: “పెరట్లో సీతాఫలం చెట్టు ఎండాకాలమంతా పూస్తుంది. నిలిచేవి నాలుగు కాయలు, అవీ వంకర. ఏ మందు కొట్టాలి?”

నేల, ఎరువు గురించి పెద్దగా చెప్పక్కర్లేదు. ఉమ్మడి పాలమూరు గుట్టల మీద ఎవరూ నీళ్లు పోయకుండానే బతికే చెట్టు ఇది. దేశమంతా నాటుకునే బాలానగర్ రకం మన పాలమూరు ప్రాంతానిదే. చూడాల్సింది పువ్వుని.

తలకిందులుగా వేలాడే ఆ పువ్వుకు దళసరి రేకులు మూడు. లోపల చిన్న బుడిపె, దాని కొనన కిక్కిరిసిన కీలాగ్రాలు, చుట్టూ కేసరాలు. రేకులు కొద్దిగా విడినప్పుడు కీలాగ్రాలు జిగటగా మెరుస్తాయి, పుప్పొడి మాత్రం ఇంకా సిద్ధం కాదు. రేకులు బాగా విప్పారి పుప్పొడి రాలే వేళకు కీలాగ్రాలు ఎండిపోతాయి. ఒకే పువ్వు ముందు ఆడది, తర్వాత మగది! ఆ సన్నని సందులో తేనెటీగ దూరలేదు. పండిన పండులాంటి వాసనకు వచ్చే బుల్లి పెంకు పురుగులే ఒక పువ్వు పుప్పొడిని మరో పువ్వుకు చేర్చాలి. ఎండల్లో కీలాగ్రం ఇంకా త్వరగా ఆరిపోతుంది కాబట్టే తొలి పూత రాలి, వానలు పడ్డాక కాయ నిలుస్తుంది.

కాయ మీది ఒక్కో కన్నూ ఒకప్పుడు విడి అండాశయం. పుప్పొడి అందినది గింజ కట్టి ఉబ్బుతుంది, అందనిది ఎదగదు. వంకర కాయను కోసి చూడండి, నొక్కుకుపోయిన వైపు గింజలుండవు.

ఈ చెట్టు విషయంలో పెద్దవాళ్లూ పొరబడ్డారు. పురావస్తు పండితుడు అలెగ్జాండర్ కన్నింగ్‌హామ్ మథుర శిల్పాల్లో సీతాఫలాన్ని పోలిన కాయలు చూసి, ఇది భారతదేశపు చెట్టే అన్నాడు. వృక్షశాస్త్రజ్ఞులు మాత్రం దీని పుట్టిల్లు అమెరికా ఖండపు ఉష్ణప్రాంతమని, పోర్చుగీసుల వెంట మన దేశానికి వచ్చిందని తేల్చారు. మళ్లీ పుప్పొడి సంగతికి వస్తే, ఈ జాతి చెట్లకు చేత్తో పుప్పొడి అద్దే ప్రయోగాలను ఫ్లోరిడాలో పి.జె. వెస్టర్ 1910లోనే ప్రచురించాడు.

ఆ పని మీరూ చేయొచ్చు. విప్పారబోయే పూలను సాయంత్రం కోసి కాగితంలో ఉంచండి. పొద్దున్నే రాలిన పుప్పొడిని మెత్తని కుంచెతో, సగం విడిన పూల కీలాగ్రాలకు చుట్టూ అద్దండి. ఒకవైపే అద్దితే మళ్లీ వంకర కాయే.

ఇక మందు సంగతి: పూత మీద పురుగుమందు కొట్టకండి. చచ్చేది ఆ పెంకు పురుగులే.