పదమూడు ముక్కల్లో నేర్పెంత? నష్టమెంత?

శివరాత్రి జాగారానికి వైకుంఠపాళి, పచ్చీసులతో పాటు పేకముక్కలు కూడా బయటికి తీయడం పల్లెలలో పాత అలవాటే. సంక్రాంతికి వచ్చిన అల్లుళ్లు, బావమరుదులు చాప పరచుకొని కూర్చున్నారంటే అన్నానికి పిలిచినా ఓ పట్టాన లేవరు. ఆ చాప మీద ఎక్కువగా సాగేది పదమూడు ముక్కల రమ్మీ. అదే ఆట తోటలోని షెడ్డుకో, చేతిలోని ఫోనుకో చేరి డబ్బు పందెంగా మారితే పచ్చని సంసారాలు పేకమేడల్లా కూలుతున్నాయి. ఇంతకూ చేటు ఆటలో వుందా, పందెంలో వుందా?

జట్లు కూర్చే ఆట

రమ్మీ సూత్రం సులువైనదే. రెండు పేకలు కలిపి తలా 13 ముక్కలు పంచుతారు. వంతు వచ్చినవాడు ఒక ముక్క తీసుకొని, ఒకటి పారవేయాలి. ఒకే గుర్తులో వరుసగా వచ్చే మూడు, నాలుగు ముక్కలు ఒక జట్టు. దీన్ని సీక్వెన్సు అంటారు. వేర్వేరు గుర్తుల్లో ఒకే అంకె గల ముక్కలు ఇంకో రకం జట్టు. ముక్కలన్నీ జట్లుగా ముందు కుదిరినవాడు ‘షో’ చేసి గెలుస్తాడు. అయితే రెండు సీక్వెన్సులైనా వుండాలి. అందులో ఒకటి జోకరు సాయం లేకుండా కుదరాలి.

పంపకం అదృష్టమే అయినా ఆపైన బుర్రకు పని వుంటుంది. ఇస్పేటు ఏడు, ఎనిమిది చేతిలో వుంటే ఆరు వచ్చినా, తొమ్మిది వచ్చినా జట్టు పూర్తవుతుంది. రెండు పేకల్లో అలాంటి ముక్కలు నాలుగుంటాయి. అదే ఏడు, తొమ్మిది పట్టుకుంటే మధ్యలోని ఎనిమిదే రావాలి. అవి రెండే. ఎదుటివాడు ఏది తీశాడో, ఏది పారేశాడో గుర్తుంచుకోవడం, జట్టు కుదరని రాజులను, రాణులను ముందే వదిలించుకోవడం నేర్పున్న ఆటగాడి లక్షణం.

సుప్రీంకోర్టు ఏమన్నది?

ఈ నేర్పు గురించి సుప్రీంకోర్టు కూడా చెప్పింది. ఆ కేసు తెలుగుగడ్డ మీదిదే. 1963లో సికిందరాబాదులోని ఒక క్లబ్బుపై పోలీసులు దాడి చేసి రమ్మీ ఆడుతున్నవారిపై కేసు పెట్టారు. అది సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. 1967 నవంబరులో జస్టిస్ హిదయతుల్లా తీర్పు చెబుతూ, రమ్మీ మూడు ముక్కలాట వంటిది కాదనీ, పడిన ముక్కలు గుర్తుంచుకోవాలి, ఏది వుంచాలో ఏది పారేయాలో తెలియాలి కనుక ఇది ప్రధానంగా నేర్పుతో కూడిన ఆట అనీ పేర్కొన్నారు.

పేకాట శిబిరాలు నడిపేవారు ఈ సగం తీర్పునే చెప్పుకుంటారు. మిగతా సగం చెప్పరు. ఆట పేరుతో నిర్వాహకుడు లాభం తీసుకుంటే అది నేరం కావచ్చునని అదే తీర్పులో వుంది.

గెలిచేది ఎవరు?

ఆ లాభం ఎంతో లెక్క వేస్తే తెలుస్తుంది. ఐదుగురు తలా 2,000 రూపాయలతో కూర్చున్నారనుకుందాం. ఆటకు తలా 200 వేస్తే పందెం 1,000 రూపాయలు. అందులో నిర్వాహకుడు 100 తీసుకుంటే గెలిచినవాడికి దక్కేది 900. ఇరవై ఆటలయ్యేసరికి నిర్వాహకుడి జేబులోకి 2,000 చేరతాయి. అంటే ఐదుగురిలో ఒకరు తెచ్చిన డబ్బంతా పోయినట్టే. యాభై ఆటలైతే మొత్తం 10,000లో సగం మాయం. ఎంతటి నేర్పరులైనా ఐదుగురూ కలిసి చూసుకుంటే ఓడినవారే. ధాన్యం అమ్మిన డబ్బు, పత్తి డబ్బు, ఆడపిల్ల పెళ్లికి దాచిన చీటీ డబ్బు కరిగిపోయేది ఇలాగే.

ఫోనులో మరీ ప్రమాదం. ఎదుట ఆడేది ఎవరో తెలియదు. ఇక చాలు లేవరా అనే పెద్ద పక్కన వుండడు. నోట్లు చేత్తో లెక్కపెట్టి ఇస్తే తెలిసే బాధ, ఖాతాలోంచి అంకెలు తగ్గుతుంటే తెలియదు.

చట్టాలు వచ్చాయి

ఈ నష్టాలు చూసే 1974 నాటి గేమింగ్ చట్టాన్ని తెలంగాణ 2017లోనూ, ఆంధ్రప్రదేశ్ 2020లోనూ సవరించి డబ్బు పందెంతో ఆడే ఆన్‌లైన్ రమ్మీని నిషేధించాయి. 2025 ఆగస్టులో పార్లమెంటు దేశమంతటికీ చట్టం చేసింది. దాని ప్రకారం ఆన్‌లైన్‌లో డబ్బు ఆటలు నడిపితే 3 ఏళ్ల వరకు జైలు, కోటి రూపాయల వరకు జరిమానా. ప్రకటనలు ఇచ్చినవారికి 2 ఏళ్ల వరకు జైలు, 50 లక్షల వరకు జరిమానా. ఆడి నష్టపోయినవారికి ఈ చట్టంలో శిక్ష లేదు. కనుక ఇలాంటి ఆట పేరుతో మోసపోయినవారు సిగ్గుపడి దాచుకోకుండా 1930 నంబరుకు వెంటనే ఫోను చేయడం మేలు.

రమ్మీని ఇంట్లోంచి వెళ్లగొట్టనక్కర లేదు. పాయింట్ల లెక్కకు చింతగింజలు చాలు. ముక్కలు గుర్తుంచుకోవడం, వచ్చే అవకాశాలు లెక్కగట్టడం పిల్లలకూ మంచిదే. గింజల స్థానంలోకి నోట్లు వచ్చిన నాడు మాత్రం చాప మడిచి లేవడమే అసలైన నేర్పు.