చెడ్డ సినిమాకు మంచి వ్యాఖ్యానం

మంచి సినిమా చూచినవారు ఒక్కొక్కప్పుడు మౌనంగా యింటికి వస్తారు. చెడ్డ సినిమా చూచినవారు మాత్రం దారి పొడుగునా మాట్లాడుతూనే వుంటారు. ఆ మాటలను ఆట ముగిసేదాకా ఆపుకోవడమెందుకు, బొమ్మ నడుస్తూ వుండగానే అనేస్తే పోదా అని ఆలోచించి, దానినే ఒక విద్యగా తీర్చిదిద్దినవారు అమెరికాలో వున్నారు. వారి సంగతి మన కుటుంబాలకు చెప్పదగినదని మాకు తోచింది.

మినియాపొలిస్ నగర ప్రాంతంలోని ఒక చిన్న టెలివిజన్ స్టేషన్‌లో, 1988 నవంబరు 24వ తేదీన, జోయెల్ హాడ్జ్‌సన్ అనే హాస్యనటుడు 'మిస్టరీ సైన్స్ థియేటర్ 3000' అనే కార్యక్రమం మొదలుపెట్టాడు. పేరు చూచి జడుసుకోనక్కరలేదు. అందులోని కథ పసిపిల్లలకు చెప్పేటంత సులువు. పిచ్చి శాస్త్రజ్ఞులు ఒక అమాయకుణ్ణి ఆకాశంలోకి పంపి, అతనికి పరమ చెత్త సినిమాలు చూపిస్తూ వుంటారు. పాపం, అతడు ఒంటరితనం భరించలేక తోడుకు మరబొమ్మలను చేసుకుంటాడు. వాటిలో క్రో, టామ్ సర్వో అనే రెండూ అతని ప్రక్కన కూర్చుంటాయి. తెరమీద సినిమా నడుస్తూ వుంటే, తెర అడుగున, ముందు వరుసలో కూర్చున్నవారి తలకాయల మాదిరిగా, యీ ముగ్గురి నీడలూ కనబడతాయి. ఆ నీడలు విసిరే మాటలే అసలు వినోదం.

ఇదేమంత క్రొత్త అని మన పెద్దలు అనవచ్చు. నిజమే. తోలుబొమ్మలాటలో అంత పెద్ద రామకథ నడుస్తూ వుంటే మధ్యలో దూరి నవ్వించేది కేతిగాడూ, బంగారక్కా, జుట్టుపోలిగాడూ కాక మరెవరు? కన్నడసీమలో కేతిగాడి వంటివాణ్ణే కిళ్ళేక్యాత అంటారు. కాని తేడా ఒకటి వున్నది. కేతిగాడు రాముణ్ణి వెక్కిరించడు. కథకు ప్రక్కన నిలబడి వూరి సంగతులు మాట్లాడతాడు. అమెరికా బొమ్మలు ఆ కథ పిలకనే పట్టుకుంటాయి. చిక్కంతా అక్కడే వున్నది.

వారు పట్టుకున్న వాటిలో ప్రసిద్ధమైనది 'మానోస్: ది హాండ్స్ ఆఫ్ ఫేట్' అనే చిత్రం. టెక్సాస్ రాష్ట్రంలోని ఎల్ పాసోలో హాల్ వారెన్ అనే ఎరువుల వ్యాపారి, దెయ్యాల సినిమా తీయడం ఒక బ్రహ్మవిద్యా అని ఒక రచయితతో పందెం వేసి, దాదాపు 19,000 డాలర్లతో దీనిని తీశాడు. కథ వ్రాసిందీ, దర్శకత్వం వహించిందీ, నాయకుడి వేషం వేసిందీ ఆయనే. కెమేరా చేతితో కీ యిచ్చేది. ఒక విడతకు 32 సెకండ్లు మించి తీయదు. మాటలు అప్పుడు రికార్డు చేయలేదు. తరువాత నలుగురైదుగురు కూర్చుని అన్ని పాత్రలకూ తామే గొంతులు యిచ్చారు. చిన్నపాప నోరు తెరిస్తే పెద్ద ఆడమనిషి గొంతు వినబడుతుంది! డబ్బింగు చిత్రాలు చూచి పెదవులకూ మాటలకూ పొత్తు కుదరక నవ్విన మన పాఠకులకు యీ సుఖం వేరే వర్ణించనక్కరలేదు.

1966 నవంబరు 15వ తేదీన ఆ వూరిలోనే మొదటి ఆట వేశారు. జనం నవ్వారు. తెరమీద తనది కాని గొంతు విని ఆ పాప ఏడ్చింది. బంగళా కాపలాదారు టోర్గో వేషం వేసిన జాన్ రేనాల్డ్స్ ఆ ఆట చూడనే లేదు. వాచిన మోకాళ్ళతో తడబడుతూ నడిచే ఆ టోర్గోను చూచి నవ్వనివారు లేరు. కాని ఆ యువకుడు అంతకు నెల ముందే ఆత్మహత్య చేసుకున్నాడు. ఇది తెలిసిన తరువాత ఆ మోకాళ్ళను చూచి ముందటిలాగ నవ్వడం మాకు సాధ్యం కాలేదు.

అయితే నవ్వు తప్పా? అలాగని మేము అనము. 1993 జనవరి 30వ తేదీన మరబొమ్మలు పట్టుకునేదాకా ఆ చిత్రం పేరు యెత్తినవాడు లేడు. ఆ తరువాత దానికి అభిమానులు పుట్టారు. 2011లో ఒక యువకుడికి దాని మూలప్రతి దొరికితే, జనం చందాలు వేసుకుని బాగుచేయించారు. 2015లో చక్కని డిస్కుగా వచ్చింది. ఏడ్చిన పాప పెద్దదై, ఆ సినిమాతో తాను పెరిగిన వైనం పుస్తకంగా వ్రాసింది. మౌనంగా వదిలేసిన మర్యాదకంటె, కూర్చుని చూచి నవ్విన నవ్వే ఆ చిత్రాన్ని బ్రతికించింది. పైగా ఆ హాస్య రచయితలు నోటికి వచ్చినట్లు అన్నవారు కారు. ఒక్కొక్క చిత్రాన్ని పలుమార్లు త్రిప్పి త్రిప్పి చూచి, వందలకొద్దీ మాటలు వ్రాసుకుని, నటుడి మాట ముగిసి రెండవవాడు నోరు తెరిచేలోగా యిమిడేటట్లు కొలిచి పెట్టేవారు. ఆ సినిమా తీసినవారైనా అంత శ్రద్ధగా చూచి వుంటారా!

ఈ విద్య మన యిళ్ళకు పనికివస్తుందని మా నమ్మకం. బెంగుళూరులోనో, బరంపురంలోనో, షోలాపూరులోనో పుట్టిన మన పిల్లలకు తెలుగు సినిమాలోని మాటలు అర్థమౌతాయి. కాని కాగితం కిరీటం పెట్టుకుని గర్జించే మహారాజును చూచి మేనత్త చటుక్కున విసిరే మాట వున్నదే, ఆ తెలుగు యే బడిలో నేర్పుతారు? సామెత, యెత్తిపొడుపు, విరుపు - యివన్నీ అక్కడే దొరుకుతాయి. కనుక ఒక ఆదివారం ఒక పాత కత్తియుద్ధాల సినిమాను వేసుకుని యింటిల్లిపాదీ కూర్చోండి. అట్ట కోటనూ, దారం కనబడే యెగిరే గుఱ్ఱాన్నీ, చచ్చి కూడా ఊపిరి పీల్చే భటుణ్ణీ యేమైనా అనవచ్చు. మనిషి నలుపునూ, లావునూ, పళ్ళనూ మాత్రం అనరాదు. అది చమత్కారం కాదు, మోటుతనం. మొదటి మాట పిల్లలకు వదలండి. వాళ్ళు సగం కన్నడమో, ఒరియానో కలిపి అన్నాసరే, నవ్వండి. ఆ మాటకు తెలుగులో యేమంటారో బామ్మ చెబుతుంది.

ఇక పాట వచ్చినప్పుడు అందరూ నోరు మూసుకోవలసిందే. ఘంటసాలవారి గొంతు మీద వ్యాఖ్యానానికి మేము ఒప్పుకోము.