చుట్టాల గది కాదు.. అమ్మ కుట్టు గది!

మీ ఇంట్లో కుట్టు మిషన్ ఎక్కడుంది? హాల్లో సోఫా వెనకో, బాల్కనీ తలుపు పక్కనో, బీరువాకీ గోడకీ మధ్య ఇరుకులోనో ఉండి ఉంటుంది. దాని మీద ఓ పాత దుప్పటి. దుప్పటి మీద ఇస్త్రీకి ఇవ్వాల్సిన బట్టలు, ఫోన్ చార్జర్, నిన్నటి పేపర్. అమ్మ ఒక్క జాకెట్ కుట్టుకోవాలన్నా ముందు అవన్నీ తీసి మంచం మీదకి చేర్చాలి. కుట్టడం అవ్వగానే అన్నీ మళ్లీ మిషన్ మీదకే చేరిపోతాయి.

అదే ఇంట్లో చుట్టాల కోసం మాత్రం ఓ గది ఉంటుంది. హైదరాబాద్‌లో మాది మూడు బెడ్‌రూమ్‌ల ఫ్లాట్. ఒకటి అమ్మానాన్నలది, ఒకటి నాదీ నా ల్యాప్‌టాప్‌దీ, మూడోది చుట్టాలది. నేను వర్క్ ఫ్రమ్ హోమ్ చేస్తానంటే మారుమాట లేకుండా గది, టేబుల్, మంచి కుర్చీ వచ్చేశాయి. పాతికేళ్లుగా ఇంట్లోనే కూర్చుని వీధి మొత్తానికీ జాకెట్లు కుట్టిన అమ్మకి మాత్రం హాల్లో కిటికీ పక్కన మూలే ఆఫీసు.

ఈ ఏడాది అమ్మకి క్విల్టింగ్ మిషన్ కొన్నాం. కారణం ఉంది. అమ్మమ్మ చీరలు ఎనిమిది, ట్రంకు పెట్టెలో ఆరేళ్లుగా అలాగే ఉన్నాయి. అక్కకి ఇప్పుడు ఏడో నెల. ఆ చీరలతో అక్కకి డబుల్ కాట్ బొంత కుట్టి ఇవ్వాలని అమ్మ కోరిక. మిషన్ వచ్చాకే అసలు ప్రశ్న మొదలైంది: దీన్ని పెట్టేదెక్కడ?

“చుట్టాలొస్తే ఎక్కడ పడుకుంటార్రా?” అన్నారు నాన్న. “నాకెందుకురా గది, ఆ మూల చాల్లే” అంది అమ్మ. నాన్న వాదన కంటే అమ్మ మాటే పెద్ద అడ్డంకి. గోడ క్యాలెండర్ తీసి లెక్కేశాం. పోయిన ఏడాది మొత్తమ్మీద చుట్టాలు ఆ గదిలో పడుకున్నది 13 రాత్రులు. నాన్న ఇంకేం మాట్లాడలేదు. మర్నాడు ఆయనే వెళ్లి రెండు మడత మంచాలు తెచ్చారు.

అతుకుల బొంత.. తిట్టు కాదు

నాలుగు పార్టీలు కలిసి ప్రభుత్వం పెడితే ‘అతుకుల బొంత’ అని వెక్కిరిస్తారు కదా. ఆ మాట అనేవాళ్లు ఎప్పుడూ బొంత కుట్టి ఉండరు. అతుకులు సరిగ్గా పడితే బొంత చీర కంటే ఎక్కువ కాలం ఉంటుంది.

క్విల్ట్ అంటే మూడు పొరలు. పైన అతికిన గుడ్డ ముక్కలు, మధ్యలో పల్చటి దూది పొర, కింద అస్తరు. ఈ మూడింటినీ కదలకుండా కలిపి పట్టే కుట్టే క్విల్టింగ్. మన బొంతలో దూది బదులు పాత చీరలు, పంచెలే పొరలుగా ఉంటాయి, అంతే తేడా. బెంగాల్ కాంతా, కర్ణాటకలో సిద్దీ మహిళలు కుట్టే కవంది కూడా ఈ కుటుంబమే. అమెరికాలోని అలబామా రాష్ట్రంలో గీస్ బెండ్ అనే చిన్న ఊరుంది. అక్కడి నల్లజాతి మహిళలు అరిగిపోయిన పని బట్టలతో కుట్టిన బొంతలు 2002లో న్యూయార్క్ విట్నీ మ్యూజియం గోడలెక్కాయి. 2006లో వాటి బొమ్మలతో అక్కడి తపాలా శాఖ స్టాంపులు కూడా వేసింది. కాబట్టి ‘పాత గుడ్డల పనికి గదెందుకు’ అని ఎవరైనా అంటే ఈ సంగతి చెప్పండి.

మిషన్ కాదు, బొంతని కొలవండి

గది సర్దేటప్పుడు అందరం మిషన్ సైజు చూస్తాం. చూడాల్సింది బొంత సైజు. ఆరడుగుల డబుల్ కాట్ మీద అటూ ఇటూ కాస్త వేలాడాలంటే బొంత దాదాపు 90 అంగుళాల వెడల్పు ఉండాలి. నడిమధ్యన కుట్టు వేసేటప్పుడు అందులో సగం, అంటే 45 అంగుళాల గుడ్డ, సూదికి కుడి పక్కనున్న ఖాళీలో పట్టాలి. మామూలు ఇంటి మిషన్లలో ఆ ఖాళీ ఆరేడు అంగుళాలే. క్విల్టింగ్ కోసం చేసిన వాటిలో 9 నుంచి 12 దాకా ఉంటుంది. ఫ్రేమ్ మీద నడిచే లాంగ్ ఆర్మ్ మిషన్లు ఇంకా పెద్దవి. డబుల్ కాట్ బొంతకి వాటి ఫ్రేమే పది, పన్నెండు అడుగులు కావాలి. మన ఫ్లాట్లలో ఆ గది తలుపు కూడా తెరుచుకోదు. అందుకే మేం బల్ల మీద పెట్టే రకం తీసుకున్నాం.

గుడ్డని రెండు వైపుల నుంచీ చుట్టి, నడిమి నుంచి మొదలుపెట్టి అంచులకి కుట్టుకుంటూ పోవాలి. అంచు నుంచి మొదలెడితే మధ్యలో గుడ్డ పోగుపడి ముడతలొస్తాయి.

బరువు బల్ల మొయ్యాలి

ఈ వ్యాసంలో ఒక్క విషయమే గుర్తుపెట్టుకోవాలంటే ఇదే. బొంత బరువుగా ఉంటుంది. అది బల్ల మీంచి కిందకి జారిందంటే ఆ బరువు గుడ్డని లాగుతుంది. కుట్లు ఒకటి పొడుగ్గా, ఒకటి పొట్టిగా పడతాయి. సూది వంగుతుంది, ఒక్కోసారి విరుగుతుంది. ఇక కుట్టేవాళ్లు ఆ బరువుని చేతులతో ఎత్తి పట్టుకుంటారు. గంట తర్వాత మెడ, భుజాలు పట్టేస్తాయి. అమ్మకి ముందే భుజం నొప్పి.

పరిష్కారం సింపుల్. మా పాత డైనింగ్ టేబుల్‌కి కార్పెంటర్‌తో మిషన్ సైజుకి కన్నం కోయించి, కింద చెక్క పలక బిగించి, మిషన్‌ని అందులో దింపాం. ఇప్పుడు మిషన్ పైభాగం, బల్ల పైభాగం ఒకే మట్టంలో ఉన్నాయి. బల్లని గది మూలకి జరిపాం. ఎదురుగా గోడ, ఎడమ పక్కన గోడ. బొంత ఎటు జారినా గోడ ఆపుతుంది.

కన్నం కోయించే ముందు రెండు చూస్కోండి. బాబిన్ పైనుంచి పెట్టే మిషనైతే ఇబ్బంది లేదు. ముందు నుంచో పక్క నుంచో పెట్టేదైతే అక్కడ చెయ్యి దూరేంత ఖాళీ వదలాలి. లేదంటే బాబిన్ అయిపోయిన ప్రతిసారీ మిషన్ పైకెత్తాలి. అలాగే కుడి పక్కన చక్రం తిరగడానికి, వెనక వైరు రావడానికి చోటుండాలి.

మూడు పనులు, మూడు ఎత్తులు

కుట్టే బల్ల 28 నుంచి 30 అంగుళాల ఎత్తు. కూర్చున్నప్పుడు మోచేతులు లంబకోణంలో ఉండి, భుజాలు పైకి లేవకూడదు. కత్తిరించేది నిలబడి చేసే పని కాబట్టి ఆ బల్ల నడుము దాకా రావాలి, దాదాపు 36 అంగుళాలు. మామూలు బల్ల కోళ్ల కింద చెక్క దిమ్మలు పెట్టినా సరిపోతుంది. మూడోది ఇస్త్రీ. ముక్కలు అతికిన ప్రతిసారీ ఇస్త్రీ చెయ్యాలి కాబట్టి అది మిషన్‌కి రెండడుగుల దూరంలోనే ఉండాలి. వంటింట్లో స్టవ్, సింక్, ఫ్రిజ్ దగ్గర దగ్గరగా పెట్టుకోమా? ఇదీ అంతే.

మూడు పొరలూ పరిచి పిన్నీసులు పెట్టే పని చాలామంది నేల మీద చేస్తారు. మోకాళ్ల నొప్పులున్నవాళ్లకి అది శిక్ష. రెండు బల్లలూ కలిపేసి వాటి మీద పరవండి. అరచేతి దూరానికో పిన్నీసు చాలు.

కరెంటు దగ్గర జాగ్రత్త

మిషన్ మోటారు తినే కరెంటు తక్కువే. స్టీమ్ ఇస్త్రీ పెట్టె అలా కాదు, కొన్ని 2000 వాట్ల దాకా లాగుతాయి. రెండింటినీ ఒకే ఎక్స్‌టెన్షన్ బాక్స్‌కి పెట్టొద్దు. ఇస్త్రీకి 16 ఆంప్స్ సాకెట్ విడిగా ఉండాలి.

అమెరికాలో ఉన్న అన్నయ్యో, పిన్నో ‘ఇక్కడ ఆఫర్‌లో ఉంది, తెస్తా’ అన్నారా? ముందు మిషన్ వెనక లేబుల్ ఫొటో పంపమనండి. అక్కడి కరెంటు 120 వోల్టులు, 60 హెర్ట్జ్. మన దగ్గర 230 వోల్టులు, 50 హెర్ట్జ్. లేబుల్ మీద మన వోల్టేజీ కూడా లేకపోతే స్టెప్ డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ తప్పనిసరి. వంద రూపాయల అడాప్టర్ పిన్ను ఆకారాన్నే మారుస్తుంది, వోల్టేజీని కాదు. నేరుగా పెడితే మోటారు కాలిపోతుంది.

వెలుగు, గాలి, చప్పుడు

ట్యూబ్‌లైట్ వీపు వెనకుంటే కుట్టేవాళ్ల నీడ సూది మీదే పడుతుంది. కుడిచేతి వాటమైతే వెలుగు ఎడమ వైపు నుంచి రావాలి. కిటికీ అటు లేకపోతే ఓ చిన్న తెల్లటి ఎల్ఈడీ టేబుల్ ల్యాంప్ పెట్టండి. సీలింగ్ ఫ్యాను కింద పేర్చిన ముక్కలు ఎగిరిపోతాయి. కాళ్ల వైపు గాలొచ్చేలా టేబుల్ ఫ్యాన్ మేలు. బల్ల కోళ్ల కింద దళసరి రబ్బరు ముక్కలు పెడితే అదురు తగ్గుతుంది, కింది ఫ్లాట్‌వాళ్లు కాలింగ్ బెల్ కొట్టరు.

విశాఖ, కాకినాడ లాంటి సముద్రపు గాలి తగిలే ఊళ్లలో సూదులు తుప్పు పడతాయి, గట్టి మూత డబ్బాలో దాచండి. విరిగిన సూదులకి వేరే డబ్బా. ముఖ్యంగా పసిపిల్లలు రాబోతున్న ఇంట్లో. కింద పడిన గుండుసూదులు ఏరడానికి ఓ అయస్కాంతం చాలు. మిషన్‌కి కొబ్బరి నూనె వెయ్యకండి, జిగురుకట్టి బిగుసుకుపోతుంది. మాన్యువల్ చెప్పిన చోట మిషన్ ఆయిలే వెయ్యాలి.

మిల్లీమీటరు బగ్

ముక్కలు అతికేటప్పుడు అంచు నుంచి పావు అంగుళం, అంటే సుమారు 6 మిల్లీమీటర్లు వదిలి కుట్టాలి. ఒక్క మిల్లీమీటరు తేడా వస్తే ఏమవుతుంది? ప్రతి అతుకులోనూ రెండు ముక్కలు ఉంటాయి కాబట్టి 2 మిల్లీమీటర్లు పోతాయి. వరసకి 16 ముక్కలైతే 15 అతుకులు, 30 మిల్లీమీటర్లు. అంటే వరస అంగుళం పైనే కురచైపోయి పక్క వరసతో కలవదు. చిన్న బగ్ ప్రొడక్షన్‌లోకి వెళ్తే ఏమవుతుందో సాఫ్ట్‌వేర్‌వాళ్లకి చెప్పక్కర్లేదు. సూది పక్కన పావు అంగుళం దూరంలో రంగు టేప్ అతికించండి. గుడ్డ అంచు దాని వెంబడే పోవాలి.

పాత చీరలతో కొత్త కాటన్ కలుపుతుంటే కొత్తదాన్ని ముందే ఉతకండి. పాతది కుంచించుకోవడం ఎప్పుడో అయిపోయింది, కొత్తది మాత్రం మొదటి ఉతుకులో కుంచించుకుని బొంతంతా ముడతలు పెడుతుంది. కలంకారీ, ముదురు ఎరుపు గుడ్డల మీద తడి తెల్లగుడ్డతో రుద్ది రంగు దిగుతుందేమో చూడండి.

గది లేకపోతే?

అద్దె ఇల్లయినా, సింగిల్ బెడ్‌రూమ్ అయినా దారుంది. బల్లకి కన్నం పెట్టలేకపోతే మిషన్ చుట్టూ అమరే ఎక్స్‌టెన్షన్ టేబుల్ దొరుకుతుంది. మిషన్ ఎత్తుకి సరిపడా ప్లైవుడ్ పెట్టె చేయించి ఎడమ పక్కన పెట్టినా బరువు ఆగుతుంది. ముఖ్యమైంది ఒకటే, కుట్టు మధ్యలో ఆపి లేచిన పని అలాగే ఉండనిచ్చే చోటు. భోజనానికి బల్ల ఖాళీ చెయ్యాలని రోజూ మూడుసార్లు మూటగట్టాల్సి వస్తే ఏ బొంతా పూర్తవదు.

కొలతలు తీసే ముందు కుట్టేవాళ్లని ఓ గంట గమనించండి. ఎన్నిసార్లు లేస్తున్నారు, ఎందుకు లేస్తున్నారు, కత్తెర కోసం ఎంత దూరం వెళ్తున్నారు అని. “నీకేం కావాలి?” అని అడిగితే “ఏమీ వద్దు” అనే అంటారు. “కత్తెర ఎక్కడుంటే బాగుంటుంది?” అని అడగండి, జవాబొస్తుంది. మా అమ్మ అలా అడిగితే పదకొండు విషయాలు చెప్పింది.

అమ్మమ్మ చీరల బొంతకి పై పొర అతకడం అయిపోయింది. నడిమి నుంచి కుట్లు పడుతున్నాయి. మధ్యాహ్నం రెండింటికి అమ్మ ఆ గదిలోకి వెళ్లి, ఫోన్లో పాత పాటలు పెట్టుకుని తలుపు దగ్గరగా వేసుకుంటోంది. టీ కావాలంటే నాన్నే పెట్టుకుని, అమ్మకో కప్పు తీసుకెళ్లి, తలుపు కొట్టి లోపలికి వెళ్తున్నారు.