బానిసల నోట బతికిన దేవుడు

సెలవొస్తే మా గదిలో చర్చంతా ‘వన్ పీస్’ గురించే. ఎయిచిరో ఓడా 1997లో మొదలుపెట్టిన ఈ జపాన్ బొమ్మల కథలో ఓ వందేళ్ల చరిత్ర మాయమైంది. 800 ఏళ్ల కిందట ఏర్పడ్డ ప్రపంచ ప్రభుత్వం ఆ చరిత్ర జోలికి ఎవర్నీ పోనివ్వదు. రాతిపలకల రాతలు చదవబోయిన ఒహారా దీవి పండితుల్ని దీవితో సహా నాశనం చేసింది.

బానిసలు మాత్రం నికా అనే సూర్యదేవుణ్ని మరవలేదు. నవ్విస్తాడు, విడిపిస్తాడు అని చెప్పుకున్నారు. కథానాయకుడు లూఫీ తిన్న మాయపండు ఆ నికాదేననీ, ప్రభుత్వమే దాని పేరు మార్చిందనీ 2022లో బయటపడింది.

మా ఊహేమిటంటే, నికా కథ వెనక ఉన్నది ఆ మాయమైన కాలంలో పోరాడిన జాయ్‌బాయ్ అనే మనిషే. పుస్తకాలు కాల్చొచ్చు. పని చేసుకుంటూ కూలివాళ్లు చెప్పుకునే కథని ఎలా కాలుస్తారు? మీరేమంటారు?